'గౌరవం' అన్న మాట దగ్గర ఆగిన వ్యాసం: క్లోనింగ్ వాదన మీద ఒక కేస్ స్టడీ

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో సివిల్స్ రాసేవాళ్లకు ఎథిక్స్, వ్యాసం పేపర్ల కాపీలు దిద్దడం నా పని. ఎర్రపెన్ను పట్టుకుని కూర్చుంటే ఒక్కో సీజన్‌లో కొన్ని వందల కాపీలు చేతికొస్తాయి. చాలావరకు ఒకే తప్పు, ఒకే చోట. ఈ కేసు రాయడానికి కారణం వేరు. ఇందులో అభ్యర్థి తప్పు దొరికాక, నా తప్పు కూడా దొరికింది.

అతని అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేరు, ఊరు, ఏ బ్యాచ్ అన్నవి వదిలేశాను. అతని కాపీలోని వాక్యాలు మాత్రం మార్చలేదు. అవి మారిస్తే ఇక చెప్పడానికేమీ ఉండదు.

నేపథ్యం

బయోటెక్నాలజీ చదివి, కొన్నాళ్లు ల్యాబ్‌లో పనిచేసి, మానేసి సివిల్స్‌కి వచ్చాడు. మెయిన్స్ రెండోసారి, అదీ తెలుగు మీడియంలో. సైన్స్ వచ్చు, భాష వచ్చు. అతని కాపీ చూడగానే చేతిరాతకే సగం మంది దిద్దేవాళ్లు మెత్తబడతారు. అయినా 125 మార్కుల వ్యాసానికి 50 దగ్గరే ఆగిపోతున్నాడు.

"కంటెంట్ బాగుంది అని రాస్తారు మేడమ్. మార్కులు మాత్రం వెయ్యరు" అన్నాడు మొదటిరోజు. కోపంగా కాదు, లెక్క తేలని మనిషిలా.

నేనిచ్చిన అంశం: "చెయ్యగలిగినవన్నీ చెయ్యదగినవేనా?" తనకు బాగా తెలిసిన విషయం కదా అని మానవ క్లోనింగ్‌ను, అంటే ఒకరి కణం తీసుకుని అవే జన్యువులతో ఇంకొకరిని పుట్టించడాన్ని, ప్రధాన ఉదాహరణగా తీసుకున్నాడు. వ్యాసానికి గుండెకాయలాంటి పేరా ఇదీ:

"మానవ క్లోనింగ్ అనైతికం. క్లోన్ అంటే ఇంకొకరి నకలు. నకలుకు సొంత వ్యక్తిత్వం ఉండదు. వ్యక్తిత్వం లేనిచోట మానవ గౌరవం ఉండదు. అలాంటివారిని సమాజం కూడా గౌరవించదు. డాలీని పుట్టించడానికి 276 గొర్రెపిల్లలు ప్రాణాలు కోల్పోయాయి. క్లోన్‌లు త్వరగా ముసలివవుతాయి. ఇది ప్రకృతి విరుద్ధం. కాబట్టి ప్రపంచ దేశాలన్నీ దీన్ని నిషేధించాయి."

చదువుతుంటే ఎక్కడా తట్టుకోదు. చిక్కంతా అక్కడే ఉంది. తొమ్మిది వాక్యాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తున్నట్టే ఉంటాయి. తీరా చూస్తే పక్కపక్కన నిలబడ్డాయంతే.

మొదట చేసినవి, ఎందుకు పనిచెయ్యలేదు

తర్కదోషాల పట్టిక ఇచ్చాను. జారుడు వాలు, వ్యక్తి మీద దాడి, చక్రవాదం, ఇలా ఇరవై దాకా పేర్లు, ఒక్కోదానికి ఒక ఉదాహరణ. ఎక్కువ మందికి ఇదే ఇస్తాం, ఎందుకంటే ఒక గంటలో చెప్పెయ్యొచ్చు. వారం తర్వాత అతను తెచ్చిన కాపీలో ప్రత్యర్థి వాదనలన్నిటికీ పేర్లు పెట్టాడు, తన వాదనకు ఒక్కటీ పెట్టలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చినవాడు ఇంట్లో అందరికీ జబ్బులు కనిపెట్టినట్టు. దోషం పేరు తెలిస్తే ఎదుటివాడి నోరు మూయించడం వస్తుంది. తన వాక్యంలో ఏది లోపించిందో మాత్రం కనబడదు.

తర్వాత వాస్తవాలు సరిచేద్దాం అనుకున్నాను. సైన్స్ మనిషి కదా, అంకెలు మారితే ఆలోచన మారుతుందని నా లెక్క. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ తప్పులు తెలుగులో వచ్చే క్లోనింగ్ వ్యాసాల్లో చాలా తరచుగా కనిపిస్తాయి.

డాలీ అన్న క్లోన్ గొర్రె 1996 జులై 5న స్కాట్లండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టింది. ప్రపంచానికి తెలిసింది 1997 ఫిబ్రవరిలో. అతని 276 వచ్చింది 277లోంచి ఒక్క డాలీని తీసేస్తే. ఆ 277 గొర్రెపిల్లల అంకె కాదు. కేంద్రకం తీసేసిన అండంతో పొదుగు కణాన్ని కలిపిన సందర్భాలు 277. వాటిలో గర్భంలో పెట్టగలిగే దశకు ఎదిగిన పిండాలు 29. వాటిని 13 గొర్రెల్లో పెట్టారు. పుట్టింది ఒక్కటి. 276 గొర్రెపిల్లలు చచ్చిపోవాలంటే ముందు పుట్టాలి కదా. పుట్టనేలేదు.

త్వరగా ముసలివవడం మాటకొస్తే, డాలీకి కీళ్లవాతం రావడం, ఆరున్నరేళ్లకే ఊపిరితిత్తుల జబ్బుతో 2003లో దాన్ని నొప్పి లేకుండా చంపాల్సి రావడం వల్ల ఆ అభిప్రాయం నాటుకుపోయింది. డాలీ ఏ కణాల నుంచి వచ్చిందో వాటి నుంచే పుట్టిన మరో నాలుగు గొర్రెలను నాటింగ్‌హామ్‌లో పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. వయసుకు తగ్గ ఆరోగ్యంతోనే ఉన్నాయవి.

"ప్రపంచ దేశాలన్నీ" అన్నదీ నిజం కాదు. మానవ క్లోనింగ్‌ను నిషేధించమంటూ ఐక్యరాజ్య సమితి 2005 మార్చిలో చేసిన ప్రకటనకు అనుకూలంగా 84, వ్యతిరేకంగా 34 ఓట్లు వచ్చాయి, 37 దేశాలు తటస్థంగా ఉన్నాయి. పైగా అది ఎవరినీ కట్టిపడేసే చట్టం కాదు. వ్యతిరేకంగా ఓటేసినవాటిలో మన దేశం కూడా ఉంది. క్లోనింగ్‌తో బిడ్డను పుట్టించడాన్ని మనవాళ్లు సమర్థించలేదు. ఆ మాటల కూర్పు చికిత్స కోసం చేసే పరిశోధనకూ అడ్డమవుతుందన్నది అభ్యంతరం. ఇక్కడ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), బయోటెక్నాలజీ విభాగం కలిసి తెచ్చిన 2017 మార్గదర్శకాల్లో క్లోనింగ్‌తో మనిషిని పుట్టించే ప్రయత్నం నిషిద్ధాల జాబితాలోనే ఉంది. అమెరికాలో సమాఖ్య స్థాయిలో అలాంటి నిషేధ చట్టం లేదు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాను. తర్వాతి కాపీలో అంకెలన్నీ సరిగ్గా వచ్చాయి. పేరా మాత్రం కదల్లేదు. "276 గొర్రెపిల్లలు" ఉన్నచోట "277 ప్రయత్నాలు" వచ్చి కూర్చుంది, తర్వాతి వాక్యం యథాతథం. అప్పుడు అర్థమైంది, ఆ అంకె అతని వాదనలో ఏ బరువూ మొయ్యడం లేదని. బరువు మొయ్యని స్తంభాన్ని తీసి కొత్తది పెడితే ఇంటికి ఏమవుతుంది? ఏమీ కాదు.

మూడోది, "రెండు వైపులా రాయి" అన్నాను. దీని గురించి ఎక్కువ చెప్పను. ఒకవైపు, మరోవైపు, సమతుల్యంగా చూస్తే. చప్పగా వచ్చింది. నా సలహాల్లో అన్నిటికంటే బద్ధకమైనది ఇదే, అయినా వారానికి పదిసార్లు ఇస్తుంటాను.

దారి మార్చడం

మార్కుల కోసం డిగ్రీలో సంస్కృతం తీసుకున్నాను, అందరిలాగే. దాంట్లో నాకు మిగిలింది తర్కం పాఠంలో ఒక కొండ, ఆ కొండ మీద పొగ. మన పాత తర్కశాస్త్రమైన న్యాయంలో అనుమానానికి, అంటే కనిపించేదాన్నిబట్టి కనిపించనిదాన్ని తేల్చడానికి, అయిదు మెట్లు. కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. పొగ కనిపిస్తోంది కాబట్టి, ఇది హేతువు. ఎక్కడ పొగ ఉంటుందో అక్కడ నిప్పుంటుంది, వంటింట్లో లాగా, ఇది ఉదాహరణ. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, ఇది ఉపనయం. అందువల్ల కొండ మీద నిప్పుంది, ఇది నిగమనం.

నాకు కావలసింది మూడో మెట్టు. చాలామంది మొదటి రెండూ రాసి అయిదోదానికి దూకేస్తారు. మూడో మెట్టు ఊరుకోదు. "ఎక్కడెక్కడ ఇదుంటే అక్కడక్కడ అది" అన్న నియమాన్ని నోరు విప్పి చెప్పిస్తుంది, పైగా ఒక వంటిల్లు చూపించమంటుంది. నియమం తప్పని తేల్చడానికి కూడా అదే బడిలో ఒక వస్తువుంది, ఎర్రగా కాలిన ఇనప గుండు. నిప్పున్నచోటల్లా పొగ ఉంటుంది అని ఎవరైనా అంటే దాన్ని చూపిస్తారు. నిప్పుంది, పొగ లేదు. వాదన అక్కడితో సరి.

అతని పేరాను ఈ మెట్ల మీద పెడదామన్నాను. ఒక్కో హేతువుకు ఒక్కో కాగితం. ముందే అన్నిటి మీదా పడకుండా, అతనికి అన్నిటికంటే గట్టిది అనిపించిన దానితో మొదలుపెట్టమన్నాను. బలహీనమైనవి పడగొడితే పట్టించుకోడు, గట్టిది ఊగితేనే కూర్చుని ఆలోచిస్తాడు.

నకలు అన్నదాన్ని ఎంచుకున్నాడు.

ప్రతిజ్ఞ: క్లోనింగ్ ద్వారా మనిషిని పుట్టించడం తప్పు.
హేతువు: పుట్టేవారికి ఇంకొకరి జన్యువులే ఉంటాయి.
ఉదాహరణ: ఎక్కడెక్కడ ఒకరి జన్యువులే ఇంకొకరికి ఉంటాయో అక్కడ వ్యక్తిత్వం ఉండదు,

"లాగా" అని రాయడానికి ముందు పెన్ను ఆగింది. చాలాసేపు. కింద రోడ్డు మీద మిర్చిబజ్జీల బండివాడి అరుపులు వినిపిస్తున్నాయి. "మేడమ్, నాకు గుర్తొచ్చేది కవలలే" అన్నాడు చివరికి.

అదే ఇనప గుండు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు జన్యువులు ఒకటే, వ్యక్తిత్వాలు రెండు. నిజానికి వాళ్ల పోలిక క్లోన్‌కంటే ఎక్కువ, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉండే డీఎన్‌ఏ కూడా ఒకటే. డాలీకి అది అండమిచ్చిన గొర్రె నుంచి వచ్చింది. అతనే ఇంకోటి జోడించాడు. 2001 డిసెంబర్‌లో టెక్సస్‌లో పుట్టిన మొదటి క్లోన్ పిల్లికి కణమిచ్చిన పిల్లి ఒంటి మీదున్న నారింజ రంగు మచ్చలే రాలేదు. ఆడ పిల్లుల్లో ఆ నారింజ రంగు ఏ కణంలో ఏ ఎక్స్ క్రోమోజోమ్ పనిచేస్తుందన్న దాన్నిబట్టి తేలుతుంది. "బొచ్చే నకలు కాలేదు, మనసెలా అవుతుంది" అన్నాడు. ఈ సంగతి అతనికి ఎప్పటినుంచో తెలుసు. తన వాక్యం పక్కన పెట్టి చూసుకోలేదంతే.

ఎందుకు పెట్టుకోలేదు? మాట వల్ల అని నా అభిప్రాయం. తెలుగులో 'నకలు' అంటే కాపీ, కానీ ఆ పక్కనే 'నకిలీ' కూడా కూర్చుని ఉంటుంది. క్లోన్‌ను నకలు అనగానే సగం తీర్పు ఇచ్చేసినట్టే. మిగతా వాక్యాలు ఆ తీర్పును అమలు చేస్తాయి.

గౌరవం

రెండో కాగితం ఇంకా లోతుకు పోయింది. "వ్యక్తిత్వం లేనిచోట మానవ గౌరవం ఉండదు. అలాంటివారిని సమాజం కూడా గౌరవించదు."

1997లో యునెస్కో మానవ జన్యుసంపద మీద చేసిన ప్రకటనలో పదకొండో అధికరణం, క్లోనింగ్‌తో మనుషుల్ని పుట్టించడంలాంటివి మానవ గౌరవానికి విరుద్ధం, వాటిని అనుమతించకూడదు అంటుంది. అక్కడ 'గౌరవం' అంటే మనిషై పుట్టినందుకే ఉండే విలువ. ఎవరూ ఇచ్చేది కాదు, ఎవరూ తీసేసుకోగలిగిందీ కాదు. ఇక మన ఊళ్లో 'ఆయనకు గౌరవం ఎక్కువ' అన్నప్పుడు ఉన్నది వేరే సరుకు. అది ఇచ్చేది, తగ్గేది, పోయేది. ఇంగ్లీషులో ఈ రెంటికీ డిగ్నిటీ, రెస్పెక్ట్ అని రెండు మాటలున్నాయి. తెలుగు మీడియం పుస్తకాల్లో రెండిటికీ కలిపి ఒక్కటే పడింది.

అతని మొదటి వాక్యంలో గౌరవం మొదటి రకం, రెండో వాక్యంలో రెండో రకం. పక్కపక్కనే రాసేసరికి ఒకటి ఇంకోదానికి రుజువులా కనిపిస్తోంది. ఒక్కో 'గౌరవం' కింద 1 అనో 2 అనో అంకె వెయ్యమన్నాను. వేశాడు. వేశాక చూసి, "మేడమ్, సమాజం గౌరవించకపోతే తప్పు సమాజానిది కదా, పుట్టినవాడిది కాదు కదా" అన్నాడు. అంతే కాదు, 1వ రకం గౌరవం ఎవరూ తీసెయ్యలేనిదైతే, క్లోన్‌గా పుట్టినవాడికీ అది పూర్తిగా ఉన్నట్టే. అతని మొదటి వాక్యం దాన్ని కాపాడబోయి పుట్టినవాడి దగ్గరే లాగేసుకుంటోంది.

నాకు ఈ కేసులో అన్నిటికంటే విలువైన అరగంట అదే.

మిగతావి త్వరగా తేలాయి. ప్రకృతి విరుద్ధం అన్నదానికి మూడో మెట్టు రాయబోయి తనే కొట్టేశాడు. 1978లో టెస్ట్‌ట్యూబ్ బిడ్డ పుట్టినప్పుడూ ఇదే మాట అన్నారు, అదే ఏడాది కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చేతుల మీదుగా పుట్టిన దుర్గ విషయంలో ఆయన ఎంత అవమానం పడ్డాడో అతనికి తెలుసు. ఆఖరి వాక్యంలో 'కాబట్టి' తలకిందులుగా ఉంది. తప్పని నిషేధించారా, నిషేధించారు గనక తప్పా? అతని పేరాకు రెండూ కావాలి.

నా ఇనప గుండు పగలడం

రెండురోజుల తర్వాత వచ్చాడు. చేతిలో నేను బ్యాచ్‌లకు పంచే నోట్స్ జిరాక్స్. అందులో ఏళ్లుగా ఒక పేరా ఉంది: కవలల ఉదాహరణతో క్లోనింగ్ మీద అభ్యంతరాలన్నీ తేలిపోతాయి అని. దాన్ని చూపించి, "ఇది సరిపోదు మేడమ్" అన్నాడు.

అతని మాట ఇది. కవలలు ఒకేసారి పుడతారు. ఇద్దరి ముందూ జీవితం ఖాళీగానే ఉంటుంది. క్లోన్ ముందు ఒకరు అప్పటికే బతికి చూపించారు, ఫలానా వయసులో ఫలానా జబ్బు, ఫలానా చదువు. పైగా కవలల్ని ఎవరూ ఒకరిలా ఇంకొకరు ఉండాలని కోరి పుట్టించరు. క్లోన్‌ను కోరేవాళ్లు అందుకే కోరతారు.

వెంటనే ఒప్పుకోలేదు. అంత పెద్దమనసు నాకు లేదు, ఇంటికెళ్లి ఆలోచించాను. ఆలోచిస్తే విషయం తేలిపోయింది. కవలలు పడగొట్టేది ఒక్క హేతువునే, 'జన్యువులు ఒకటే అవడం'. 'ఇంకొకరి పాత్ర కోసం పుట్టించడం' అన్న హేతువును వాళ్లు ముట్టుకోనుకూడా ముట్టుకోరు. ఒక హేతువును పడగొట్టి, వాదననే పడగొట్టానని ఇన్నాళ్లూ క్లాసులో చెబుతూ వచ్చాను. నేను ఎర్రపెన్నుతో దిద్దే తప్పు అదే.

సరే, కొత్త హేతువును మెట్ల మీద పెట్టాం. ఎక్కడెక్కడ బిడ్డను ఇంకొకరి స్థానం నింపడానికి పుట్టిస్తారో అక్కడ ఆ బిడ్డకు అన్యాయం జరుగుతుంది, అన్నదాకా వచ్చింది. వంటిల్లు ఏది? పోయిన పిల్లాడి పేరే తర్వాతి పిల్లాడికి పెట్టి, వాడి ఫొటో ముందు వీణ్ణి నిలబెట్టి పోల్చే ఇల్లు ఒకటి తనకు తెలుసన్నాడు. అది చాలు.

మరి ఇనప గుండు? మన ఇళ్లలోనే ఉంది. తాత పోయిన ఏడాదికి మనవడు పుడితే "మా నాన్నే మళ్లీ పుట్టాడు" అని ఆ పేరే పెట్టి మురిసిపోతాం. ఎవరికీ అన్యాయం జరగదు. ఆ పిల్లాడు తాతలా వ్యవసాయం చెయ్యనంటే ఎవరూ ఏడవరు. అంటే నియమం అన్నిచోట్లా నిలవదు. పోలిక కోరుకోవడం ఒకటి, పోలికను బిడ్డ మీద రుద్దడం ఇంకొకటి. రుద్దడానికి క్లోనింగే అక్కర్లేదు, డాక్టరు గారి అబ్బాయి డాక్టరే కావాలనే ఇళ్లు చాలు.

అక్కడ అతను తీసుకున్న నిర్ణయం నాకు నచ్చింది. వాదనను వదిలెయ్యలేదు, ప్రతిజ్ఞను తగ్గించాడు. "క్లోనింగ్ తప్పు" కొట్టేసి, "పోలికను బిడ్డ మీద రుద్దాలనుకునేవారినే క్లోనింగ్ ఎక్కువగా ఆకర్షిస్తుంది, అందుకని దాన్ని అనుమతించే ముందు చట్టం ఈ ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకోవాలి" అని రాశాడు. వాక్యం పొడవైంది, ధాటి తగ్గింది. కానీ కొడితే పడదు.

భద్రత గురించిన హేతువు కూడా అప్పుడే సరైన చోట కూర్చుంది. ఇప్పుడు అంకెలు బరువు మోస్తున్నాయి. 2018 జనవరిలో చైనా శాస్త్రవేత్తలు ప్రకటించిన కోతిపిల్లల సంగతి అతనే తెచ్చాడు. గర్భస్థ పిండపు కణాలతో చేసిన 79 క్లోన్ పిండాలను 21 కోతుల్లో పెడితే ఆరు గర్భాలు, రెండు బతికిన పిల్లలు. పెద్ద కోతి కణాలతో చేసినప్పుడు పుట్టిన పిల్లలు బతకలేదు. ఇంత ప్రమాదం తెలిసీ, ఒప్పుకునే అవకాశమే లేని బిడ్డ మీద ప్రయోగం చెయ్యడం తప్పు. దీనికి వంటిళ్లు వెతుక్కోనక్కర్లేదు, వైద్య పరిశోధన నియమాలే చాలు.

అతనికొక అసంతృప్తి. "రేపు టెక్నిక్ బాగుపడితే ఈ కారణం పోతుంది కదా?" పోతుంది. అందుకే "ఈరోజు" అని రాయమన్నాను. ఎప్పటికీ నిలిచే కారణం కావాలన్న ఆశే అతన్ని మొదట 'ప్రకృతి', 'గౌరవం' లాంటి పెద్ద మాటల దగ్గరికి తీసుకెళ్లింది.

చివర్లో ఇంకో ప్రశ్న వేశాడు. క్లోన్‌గా కాకపోతే ఆ బిడ్డ అసలు పుట్టేదే కాదు, అలాంటప్పుడు నష్టం ఎవరికి? బ్రిటిష్ తాత్వికుడు డెరెక్ పార్ఫిట్ 1984లో దీన్ని పెద్ద చిక్కుగా ముందుకు తెచ్చాడు, తాత్వికులు ఇప్పటికీ కుస్తీ పడుతున్నారు. పన్నెండొందల మాటల వ్యాసంలోకి దీన్ని తేవొద్దన్నాను. తెచ్చి సగంలో వదిలేస్తే దిద్దేవారికి అదొక్కటే గుర్తుంటుంది.

ఆ తర్వాత

అదే అంశం మళ్లీ రాశాడు. నేను కాకుండా వేరే మెంటర్ దిద్దారు, 68 వేశారు. దీన్ని పద్ధతి గొప్పతనం అనను. అంతకుముందు మూడువారాలు అతను రోజూ రాస్తూనే ఉన్నాడు, కొంత దానివల్లా కావచ్చు. ఈ పద్ధతి అందరికీ సరిపోదు కూడా. విషయం తెలియనివాళ్లకు మూడో మెట్టు దగ్గర వంటిల్లూ తట్టదు, ఇనప గుండూ తట్టదు, ఊరికే టెన్షన్ పడతారు. వాళ్లకు ముందు చదువే కావాలి.

నా వరకు మార్చుకున్నవి కొన్ని. తర్కదోషాల పట్టిక ఇప్పుడు చివరి వారంలో ఇస్తాను, మొదట్లో కాదు. తెలుగు మీడియం కాపీల్లో గౌరవం, హక్కు, ధర్మం, సహజం అన్న మాటలు కనిపిస్తే అర్థాల అంకెలు వేయించాకే మిగతాది చదువుతాను. ఒక ఉదాహరణ వాదనను పడగొట్టింది అని ఎవరైనా రాస్తే, ఏ హేతువును అని పక్కన అడుగుతాను. నన్ను నేను కూడా.

కవలల పేరా నోట్స్‌లోంచి తీసెయ్యలేదు. అతను పెన్సిల్‌తో మార్జిన్‌లో రాసిన ముక్కతో సహా అలాగే జిరాక్స్ తీయిస్తున్నాను: "ముందు హేతువు ఏదో చెప్పండి మేడమ్."